‘ది టూరిన్ హార్స్’లో ఏమీ జరగడం లేదా? దుంప, నీళ్లు, నిప్పు లెక్క రాసుకుంటూ చూడండి

ప్రశ్న ఇది: “హంగరీ దర్శకుడు బేలా టార్ తీసిన ‘ది టూరిన్ హార్స్’ రెండుసార్లు మొదలుపెట్టి ముప్పావుగంటకే ఆపేశాను. తండ్రీ కూతురూ బంగాళదుంపలు తినడం తప్ప ఏమీ కనబడలేదు. ముందు నీషేని చదువుకుని రావాలా? ఇలాంటి లాంగ్ టేక్‌తోనే (కత్తిరింపు లేని పొడుగాటి షాట్) మేము ఒక షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం. ఫోన్‌తో కుదురుతుందా?”

జర్మన్ తత్వవేత్త నీషేని చదవక్కర్లేదు. సినిమాలో ఆయన ప్రస్తావన మొదట్లో నల్లటి తెర మీద వినిపించే మాటల్లోనే అయిపోతుంది. 1889 జనవరి 3న ఇటలీలోని టూరిన్ నగరంలో ఒక బండివాడు మొండికేసిన గుర్రాన్ని కొరడాతో బాదుతుంటే, నీషే వెళ్లి దాని మెడ కౌగిలించుకుని ఏడ్చాడని, ఆ తర్వాత మతి చలించి పదేళ్లు బతికాడని చెబుతారు. ఆ గుర్రం ఏమైందో మాత్రం మనకు తెలియదంటూ ఆ మాటలు ముగుస్తాయి. సినిమా పట్టుకున్నది ఆ చివరి మాటనే. అక్కడినుంచి నీషే మాయమైపోతాడు. గుర్రం, దాని యజమాని, అతని కూతురు, ఒక ఇల్లు, ఒక బావి, ఆరు రోజులు మిగులుతాయి. తత్వశాస్త్రం సినిమా అనుకుని కూర్చున్నవాళ్లకే ఇది ఎక్కువ విసుగు పుట్టిస్తుంది, ఎందుకంటే వాళ్లు మాటల కోసం ఎదురుచూస్తారు. ఇందులో ఉన్నది ఒక బీద ఇంటి జమాఖర్చు. ఆ లెక్క పట్టుకుంటే ప్రతి రోజూ ఏదో ఒకటి పోతూనే ఉంటుంది.

ముందు చూసే పద్ధతి సరిచేసుకోవాలి. సగం మంది ఇక్కడే తప్పుతారు. సినిమా 146 నిమిషాలు, నలుపు తెలుపు, 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసినది. పాత యూరప్ డీవీడీల్లో సెకనుకు 25 ఫ్రేముల లెక్కన నడుస్తుంది కాబట్టి 140 నిమిషాలకే అయిపోతుంది, కత్తిరించారని కంగారుపడకండి. ఫ్రేము వెడల్పు మామూలు టీవీ కంటే కొంచెం తక్కువ, 1.66:1. అంటే కుడి ఎడమల సన్నని నల్ల పట్టీలు కనిపించాలి. అవి కనిపించకపోతే మీ టీవీ ‘జూమ్’లోనో ‘ఫుల్’లోనో ఉన్నట్టు, పైనా కిందా బొమ్మ తెగిపోతోంది. టీవీలో కదలికని నున్నగా చేసే సెట్టింగ్ (ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది) ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే మెల్లగా జరిగే కెమెరా సీరియల్‌లా కనబడుతుంది. గది చీకటిగా ఉండాలి. ఐదో రోజు చివర, ఆరో రోజు మొత్తం దాదాపు చీకట్లో నడుస్తాయి. పగటి వెలుతురులో ఫోన్ మీద చూస్తే ఆ భాగం వట్టి నల్ల తెరే. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిదరంగుకి తిరిగి అసలు విషయమే చెడిపోతుంది. శబ్దానికి ఫోన్ స్పీకర్ చాలదు. గాలి హోరు సినిమా పొడుగునా కింది స్థాయిలో మోగుతూనే ఉంటుంది. అది వినబడకపోతే, చివర్లో ఆగినప్పుడు ఆగిందని కూడా మీకు తెలియదు.

ఒకే బిగిన చూడటం మంచిది. తప్పనిసరైతే రోజు మారేటప్పుడు పడే టైటిల్ కార్డు దగ్గర ఆపండి, షాట్ మధ్యలో వద్దు. ఒకటిన్నర రెట్ల వేగంతో చూసేవాళ్లకు ఏమీ దక్కదు. మొత్తం సినిమాలో ఉన్నవి 30 షాట్లు. సగటున ఒక్కోటి ఐదు నిమిషాలకి కాస్త తక్కువ. ఆ ఐదు నిమిషాల్లో పని ఎంత సేపు పట్టిందన్నదే సమాచారం.

ఇక లెక్క. ఒక కాగితం మీద ఆరు పద్దులు రాసుకోండి: గుర్రం, నీళ్లు, దుంపలు, పాలింకా (పండ్లతో కాచే హంగరీ సారా), నిప్పు, దీపం. రోజు రోజుకీ ఏది ఎంతవరకు వచ్చిందో గుర్తుపెట్టండి. కథ అంతా ఆ కాగితం మీద తేలుతుంది, కాబట్టి ఇక్కడినుంచి రాసేదాంట్లో ముగింపు కూడా ఉంటుంది.

మొదటి రోజు అన్నీ ఉన్నాయి. తండ్రి ఓల్స్‌డోర్ఫర్ (యానోష్ దెర్జి) ఈదురుగాలిలో బండి తోలుకుని ఇల్లు చేరతాడు. అతని కుడి చెయ్యి పడిపోయింది. ఈ ఒక్క విషయం మొదట్లోనే పట్టుకోకపోతే తర్వాత సగం అర్థం కాదు. ఒంటిచేత్తో అతను గుర్రాన్ని విప్పలేడు, బట్టలు మార్చుకోలేడు. అందుకే బండి విప్పడం, అతనికి బట్టలు విప్పడం, తొడగడం, నీళ్లు తేవడం, దుంపలు ఉడకబెట్టడం కూతురి (ఎరికా బోక్) మీద పడ్డాయి. కూతురు లేకపోతే అతనికి పూట గడవదు. గుర్రం లేకపోతే ఇద్దరికీ గడవదు. బట్టలు తొడిగే సన్నివేశాన్ని అలాగే చూడండి. పక్షవాతం వచ్చినవాళ్లకి సాయం చేసినవారికి తెలుసు, తొడిగేటప్పుడు పనిచేయని చేతికి ముందు, విప్పేటప్పుడు దానికే చివర. ఇక్కడ ఒక్కో బట్టా, ఒక్కో గుండీ, బూట్లతో సహా, కత్తిరింపు లేకుండా చూపిస్తారు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ఒక్క మాటా ఉండదు. రోజూ చేసి చేసి అలవాటైన పనికి మాట అక్కర్లేదు.

ఆ రాత్రి తండ్రి ఒక సంగతి గమనిస్తాడు: కొయ్యపురుగుల చప్పుడు ఆగిపోయింది. 58 ఏళ్లుగా వింటున్న చప్పుడు. జమాఖర్చులో మొదటి కొట్టివేత అదే. పనికొచ్చే వస్తువు కాదు కాబట్టి ప్రేక్షకుడు పట్టించుకోడు. దర్శకుడికి కావలసిందీ అదే.

రెండో రోజు గుర్రం కదలదు. బండి కట్టి, కొరడా ఝళిపించి, చివరకు కూతురు ఆపితే మళ్లీ విప్పుతారు. ఇక్కడ బయటి ఆదాయం ఆగింది. బండి మీద అతను ఏం మోస్తాడో, ఎంత సంపాదిస్తాడో సినిమా చెప్పదు. కానీ ఒంటి గుర్రం బండి మీద బతికే ఇంటికి అది కదలకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. అయినా ఆ రోజు ఖాళీగా కూర్చోరు. అతను కట్టెలు కొడతాడు, ఆమె బట్టలు ఉతుకుతుంది. బీదరికం అంటే ఏడుపు, అప్పులవాడు, జబ్బుపడ్డ తల్లి అని అలవాటుపడ్డ మన కళ్లకి ఇది వింతగా ఉంటుంది. ఇక్కడ బీదరికం అంటే పని ఆగకపోవడం, పని చేసినా రేపటికి ఏమీ మిగలకపోవడం.

అదే రోజు పొరుగువాడు బెర్న్‌హార్డ్ వస్తాడు, పాలింకా అయిపోయిందని సీసా నింపించుకోవడానికి. పట్నం గాలికి నాశనమైందని చెబుతూ, అంతా భ్రష్టుపట్టిపోయిందని, చేతికందిన ప్రతిదాన్నీ స్వాధీనం చేసుకుని చెడగొట్టారని పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. సినిమా మొత్తంలో ఎడతెగకుండా మాట్లాడే మనిషి ఇతనొక్కడే కాబట్టి, వ్యాసాలు రాసేవాళ్లంతా ఇదే తాళంచెవి అని పట్టుకుంటారు. అంత బరువు దాని మీద వేయకండి. విన్న తండ్రి అదంతా చెత్త అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తాడు. నా లెక్కలో ఆ సన్నివేశంలో ముఖ్యమైనవి రెండు: సీసా నిండింది, బల్ల మీద నాణేలు పడ్డాయి. ఆరు రోజుల్లో ఆ ఇంటికి డబ్బు వచ్చినట్టు కనిపించేది ఆ ఒక్కసారే. ఆ డబ్బుతో కొనడానికి పట్నం లేదు.

మూడో రోజు గుర్రం మేత మానేస్తుంది. రెండు గుర్రాల బండి మీద జిప్సీలు వచ్చి బావి దగ్గర నీళ్లు తోడుకుంటారు, కూతుర్ని తమతో రమ్మంటారు. తండ్రి గొడ్డలి పట్టుకుని తరిమేస్తాడు. వాళ్లలో ఒక ముసలాయన నీళ్లకి బదులుగా ఆమెకి ఒక పుస్తకం ఇచ్చి వెళ్తాడు. ఆమె దాన్ని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంది. నాలుగో రోజు పొద్దున బావి ఎండిపోయి ఉంటుంది. జిప్సీల శాపమా, కాకతాళీయమా అన్నది సినిమా తేల్చదు. ఒక ఫిర్యాదు మాత్రం ఇక్కడ న్యాయమైనదే. వాళ్లని గోల చేసే గుంపుగా తప్ప మనుషులుగా చూపలేదు. హంగరీలో 2008, 2009ల్లో రోమా (జిప్సీ) కుటుంబాల మీద వరుస దాడులు జరిగి ఆరుగురు హత్యకు గురయ్యారు. ఆ నేపథ్యం తెలిసినవాళ్లకి ఈ సన్నివేశం గుచ్చుకుంటుంది. దానికి జవాబులాంటి సినిమా బెన్‌స్ ఫ్లియెగౌఫ్ తీసిన ‘చక్ ఆ సేల్’ (2012), అంటే ‘గాలి మాత్రమే’. ఆ హత్యల నీడలో ఒక రోమా కుటుంబం ఒక రోజు ఎలా నెట్టుకొచ్చిందో అందులో ఉంటుంది.

బావి ఎండాక సామాను సర్దుకుని బయలుదేరతారు. దుంపలు, ఉన్న కాసిని వస్తువులు చేతిబండిలో వేసుకుని, గుర్రాన్ని వెంటబెట్టుకుని దిబ్బ మీది ఒంటి చెట్టు దాటి అవతలికి వెళ్లిపోతారు. కెమెరా కదలదు. కాసేపటికి అదే దారిన తిరిగి వస్తారు. అవతల ఏం చూశారో చెప్పరు. చాలామంది ఇక్కడ కోపం తెచ్చుకుంటారు. లెక్క పట్టుకున్నవాళ్లకి మాత్రం ఇది సూటిగానే ఉంటుంది: లాగే గుర్రం లేకుండా, నీళ్లు లేకుండా, ఒంటిచేతి ముసలాయనతో ఒక ఆడపిల్ల చేతిబండి లాక్కుంటూ ఆ గాలిలో ఎంత దూరం పోగలదు?

ఐదో రోజు గుర్రం కళ్లెం తీసేసి కొట్టం తలుపు మూస్తారు. అదే రోజు వెలుతురు పోతుంది. దీపంలో నూనె నిండుగా ఉంది, అయినా వెలగదు. పొయ్యిలో నిప్పు కూడా ఆరిపోతుంది. గాలి కూడా ఆగిపోతుంది. ఆరో రోజు ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుంటారు, ముందు పచ్చి దుంపలు. తినాలి అంటాడు తండ్రి, ఒకటి కొరుకుతాడు. ఆమె ముట్టదు. దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేసిన బైబిల్ కథని వెనక్కి తిప్పినట్టుందని అందరూ రాస్తారు, నిజమే. దానికి ముందు ఇంకో చిన్న నిజం ఉంది. ఇంట్లో దుంపలు ఇంకా ఉన్నాయి. లేనివి నీళ్లు, నిప్పు. దుంపలోని పిండిపదార్థం నీటితో కలిసి 60, 70 డిగ్రీల వేడి తగిలితేనే ఉబ్బి మెత్తబడి ఒంటికి పడుతుంది. పచ్చిది కొరికితే కడుపు నిండదు, అరగదు. సరుకు ఉన్నా దాన్ని తిండిగా మార్చే దారి తెగిపోయింది. గుర్రం ముందు పని మానింది, తర్వాత మేత, తర్వాత నీళ్లు. చివర్లో కూతురు అదే వరసలోకి వస్తుంది. కాగితం మీద గుర్రం గడి పక్కనే కూతురికీ ఒక గడి గీసి చూడండి.

దుంపల భోజనం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీరు ఆగిపోయింది అక్కడే. పూటకి మనిషికి ఒక్క దుంప. 300 గ్రాముల పెద్ద దుంప అనుకున్నా ఉడికించినది 250 కిలో కేలరీలకి కొంచెం అటూ ఇటూ. బండి లాగించే మనిషికి అది ఏ మూలకి? మొదటి రోజు కెమెరా తండ్రి మీద ఉంటుంది. పొగలు కక్కే దుంపని ఎడమచేతి వేళ్లతోనే తొక్క లాగి, చిదిపి, ఊదుకుంటూ, ఉప్పు చల్లుకుని నోట్లో కుక్కుకుంటాడు. నాలుక కాలుతున్నా ఆగడు. సగం వదిలేసి లేస్తాడు. రెండో రోజు అదే భోజనం కూతురి వైపు నుంచి. ఆమె నింపాదిగా, చిన్న ముక్కలు తుంపుకుని తింటుంది. మూడో రోజు ఇద్దరూ ఒకే ఫ్రేములో. అదే బల్ల, అదే దుంప, కెమెరా చోటు మారింది. తిరిగి అదే చూపిస్తున్నాడని విసుక్కునేచోట నిజానికి మీకు కొత్త మనిషిని చూపిస్తున్నాడు.

దీన్ని తీసినవాళ్ల సంగతి క్లుప్తంగా: టార్‌తో పాటు సహ దర్శకురాలు, ఎడిటర్ ఆగ్నేష్ హ్రానిత్స్కీ. రచనలో భాగస్వామి లాస్లో క్రాస్నహోర్కాయి, 2025లో సాహిత్య నోబెల్ వచ్చినది ఆయనకే. ఛాయాగ్రహణం ఫ్రెడ్ కెలెమెన్. సంగీతం మిహాయ్ వీగ్, ఒకే బాణీ తిరిగి తిరిగి వస్తుంది. 2011 బెర్లిన్ ఉత్సవంలో గ్రాండ్ జ్యూరీ సిల్వర్ బేర్ వచ్చింది. ఆ ఏడు అక్కడి పెద్ద బహుమతి గోల్డెన్ బేర్ పోయింది ఇరాన్ దర్శకుడు ఫర్హాదీ ‘ఎ సెపరేషన్’కి, కాబట్టి అన్యాయం అనలేం. ఇదే తన ఆఖరి సినిమా అని టార్ ముందే ప్రకటించాడు. కూతురిగా వేసిన ఎరికా బోక్ ఆయన ఏడు గంటల ‘శాతాన్‌టాంగో’లో పిల్లితో ఉండే చిన్నపిల్ల.

ఇక మీ షార్ట్ ఫిల్మ్. ఫోన్‌తో కుదురుతుంది, ఒక రకంగా మీకే సులువు. 35 ఎంఎం కెమెరాలో 300 మీటర్ల రీలు 11 నిమిషాలకి అయిపోతుంది, షాట్ అంతకు మించదు. మీకు ఆ హద్దు లేదు. హద్దు లేకపోవడమే ముప్పు కూడా, ఐదు నిమిషాలు దాటకండి. మొదలూ చివరా తనంతట తనకే ఉన్న పని ఎంచుకోండి: నీళ్లు తోడి తేవడం, పొయ్యి రాజేయడం, ముసలివాళ్లకి బట్టలు మార్చడం. ‘ఆలోచిస్తూ కూర్చోవడం’ పని కాదు, కొత్తవాళ్ల లాంగ్ టేకులు నూటికి తొంభై అక్కడే చస్తాయి. ఇంకో పెద్ద తప్పు, నటుణ్ని నెమ్మదిగా చేయమనడం. టార్ మనుషులు నెమ్మదిగా చేయరు. ఆ పనికి ఎంత సేపు పడుతుందో అంతే తీసుకుంటారు. ఆ తండ్రి దుంప తినే వేగం చూశారుగా. కాబట్టి ముందు కెమెరా లేకుండా ఆ పని నిజంగా చేయించి గడియారం చూడండి. వచ్చిన సమయమే మీ షాట్ నిడివి.

తర్వాత కెమెరాకి మూడు చోట్లు నేల మీద టేపుతో గుర్తు పెట్టండి: దూరం, నడుము వరకు, మొహం. కెమెరా ఎప్పుడు కదలాలో మనిషి కదలికే నిర్ణయించాలి. ఆమె లేచింది కాబట్టి కదిలాం, బావి దగ్గర ఆగింది కాబట్టి ఆగాం. కారణం లేకుండా కదిలితే పెళ్లి వీడియో అవుతుంది. సెట్టింగ్స్: మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. 24 పెట్టి ట్యూబ్‌లైటు కింద తీస్తే మినుకుమినుకుమంటుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయాలి. లేకపోతే నటి తలుపు తీయగానే బయటి ఎండకి ఫోన్ తనంతట తానే గదిని చీకటి చేసేస్తుంది, లోపలికి రాగానే మళ్లీ పెంచుతుంది. ఆ పొంగు ఎడిటింగ్‌లో పోదు. సాయంత్రం ఎండ దిగాక తీస్తే లోపలి వెలుతురుకీ బయటికీ తేడా తగ్గుతుంది. ఆటో ఫోకస్ కూడా ఆపి, రెండు దూరాలకి మాన్యువల్‌గా అలవాటు చేసుకోండి. 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున ఐదు నిమిషాలకి 3.75 జీబీ పడుతుంది. పది టేకులంటే దాదాపు 38 జీబీ, ముందే ఖాళీ చేసుకోండి.

నలుపు తెలుపు కావాలంటే రంగులో తీసి తర్వాత మార్చండి, కానీ బట్టలు, గోడలు ముందే పరీక్షించాలి. ఎర్ర చీరా పచ్చ ఆకులూ ఒకే బూడిదరంగుకి వచ్చి కలిసిపోతాయి. గాలి కావాలంటే ఫ్రేము బయట పెడెస్టల్ ఫ్యాన్లు పెట్టి ఎండుటాకులు వదలండి. గాలి తనంతట తాను కనబడదు, దేన్నైనా కదిలిస్తేనే కనబడుతుంది. ఊక మాత్రం వాడకండి, కళ్లలో పడితే ప్రమాదం. ఫ్యాన్ల మోతలో లైవ్ సౌండ్ పనికిరాదు. పని చప్పుళ్లు (బకెట్టు, తలుపు గొళ్లెం, అడుగులు) అదే చోట ఫ్యాన్లు ఆపి విడిగా రికార్డు చేసుకుని తర్వాత కూర్చండి.

తిండి సన్నివేశమైతే టేకుకి ఒక దుంప కావాలి, నటుడు తినగలిగినన్ని టేకులే వస్తాయి. 200 గ్రాముల దుంప తొక్కతో మెత్తబడటానికి 20, 25 నిమిషాలు పడుతుంది. టేకు టేకుకి ఉడికించే బదులు రెండు కిలోలు ఒకేసారి ఉడికించి వేడి నీళ్లలోనే ఉంచండి. నిజంగా వేడిగా లేకపోతే ఊదుకోవడం, చెయ్యి మార్చుకోవడం అబద్ధంగా తెలిసిపోతుంది. రోజుకి ఆరేడు టేకులకి మించి ఆశపడకండి. అన్నిటికంటే బాగున్న టేకుని అలాగే, లోపాలతో సహా తీసుకోవాలి. రెండు టేకులు అతికించి ఒకటి చేద్దామని చూస్తే లాంగ్ టేక్ తీయడమెందుకు?

తీయబోయే ముందు టార్ తొలి సినిమాలు రెండు చూడండి. ‘చలాది త్యూజ్‌ఫేసెక్’ (1979), బుడాపెస్ట్‌లో ఇల్లు దొరక్క అత్తమామల ఇరుకింట్లో చిక్కుకున్న యువ దంపతుల కథ. రెండోది ‘పానెల్‌కప్చొలాత్’ (1982), అపార్ట్‌మెంటు ఫ్లాటులో పెళ్లాం మొగుళ్లు విడిపోలేక, కలిసి ఉండలేక కొట్టుకుంటారు. చివర్లో కొత్త వాషింగ్ మెషీన్‌ని లారీ వెనక వేసుకుని, దాని పక్కనే ఇద్దరూ మాట్లాడుకోకుండా కూర్చుని వెళ్తారు. ఆ ఒక్క షాట్‌ని మీ కెమెరామన్‌తో కలిసి రెండుసార్లు చూడండి. కెమెరా కదపకుండా లాంగ్ టేక్ ఎలా నిలబడుతుందో దానికంటే తక్కువ ఖర్చులో చూపించే పాఠం దొరకదు.